పొగమంచులో వేట

(కమ్యూనిటీ రేడియోలో చేసిన ప్రసంగ పాఠం)



చరిత్ర మీద ఏదైనా మాట్లాడమని నన్ను అడిగినప్పుడు, శాతవాహనుల గురించో కాకతీయుల గురించో చెబుతానని మీరు అనుకుని ఉంటారు. వాటి గురించి చెప్పే అర్హత నాకు లేదు. నేను చదివింది కంప్యూటర్ సైన్సు, చేసేది కన్సల్టింగు. సోమవారం పొద్దున్న విమానమెక్కి గురువారం రాత్రి ఇంటికి చేరడమే నా వృత్తిధర్మం. పోతే, నాకొక పాత వ్యసనం ఉంది. సిగరెట్టూ కాదు, పేకాటా కాదు. కంప్యూటర్‌లో ఒక సబ్‌మెరీన్ ఆట. మా ఆవిడ దానికి "నీళ్ళల్లో నిద్ర" అని పేరు పెట్టింది. ఆ ఆటలోంచే నాకొక చరిత్ర తగిలింది. ఇవాళ అదే చెబుతాను.

ఆట పేరు సైలెంట్ హంటర్. మొదటిది 1996లో వచ్చింది. 2005లో వచ్చిన మూడోదాంట్లో మనం అట్లాంటిక్ సముద్రంలో జర్మన్ యు-బోట్ నడుపుతాం. 2007లో వచ్చిన నాలుగోదాంట్లో పసిఫిక్‌లో అమెరికన్ సబ్‌మెరీన్‌కి కెప్టెన్లం. విశాఖపట్నంలో ఇంజనీరింగ్ చదివే రోజుల్లో నాకు ఇది అంటుకుంది. పరీక్షల ముందు రాత్రి కూడా జపాన్ వాళ్ళ ఓడల కోసం కాపు కాసిన ఘనుణ్ణి. ఎమ్మెస్ కోసం అమెరికా వచ్చినా, ఉద్యోగం వచ్చినా, పెళ్ళై పిల్లాడు పుట్టినా అది వదల్లేదు.

ఈ ఆట తెలిసినవాళ్ళకి ఒక విషయం బాగా తెలుసు. ఇందులో అన్నిటికన్నా విసుగు పుట్టించేది శత్రువుల డిస్ట్రాయర్ కాదు, పొగమంచు. ఒకసారి పట్టిందంటే ఆటలో రోజుల తరబడి విడవదు. పెరిస్కోప్ పెడితే బూడిదరంగు గోడ. పైకి తేలి బైనాక్యులర్స్‌తో చూసినా అదే గోడ. ఓడ మీ మీదికి వచ్చేదాకా కనబడదు. చాలామంది అలాంటప్పుడు ఆట ఆపేసి పడుకుంటారు. నాకు మాత్రం పొగమంచంటేనే ఇష్టం ఉండేది. ఎందుకంటే అప్పుడు కళ్ళతో పని ఉండదు, లెక్కతోనే పని.

ఆ లెక్క ఎలా చేస్తారో చెబుతాను, తర్వాత మనకి అవసరం పడుతుంది. రాడార్‌లో ఒక చుక్క కనిపిస్తుంది. అది ఏ దిక్కున ఉందో, ఎంత దూరంలో ఉందో మ్యాప్ మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టాలి. సరిగ్గా మూడు నిమిషాలు ఆగి మళ్ళీ గుర్తు పెట్టాలి. రెండు చుక్కల్నీ కలిపిన గీత ఆ ఓడ వెళ్ళే దారి. ఆ గీత పొడుగు గజాల్లో కొలిచి, చివరి రెండు అంకెలూ కొట్టేస్తే వచ్చేది ఓడ వేగం, నాట్లలో. మూడు నిమిషాల్లో 1,700 గజాలు కదిలిందంటే దాని వేగం సుమారు 17 నాట్లు. ఇది ఆట కోసం కల్పించింది కాదు. నిజం నావికులు వాడిన లెక్కే. దిక్కు, దూరం, దారి, వేగం నాలుగూ తెలిస్తే చాలు, టార్పెడో వదలొచ్చు. ఓడని చూడాల్సిన అవసరమే లేదు.

మూడేళ్ళ క్రితం, శీతాకాలంలో ఒక శనివారం రాత్రి ఇలాగే చుక్కలు పెట్టుకుంటూ కూర్చున్నాను. మావాడికి అప్పుడు ఆరేళ్ళు. నిద్ర పట్టక నా ఒళ్ళో చేరి కూర్చున్నాడు. టార్పెడోలు వదిలాను. కాసేపటికి దూరంగా పొగమంచులో ఎర్రగా ఒక వెలుగు, స్పీకర్లలో ఒక మూలుగు లాంటి చప్పుడు. నేను చంక గుద్దుకున్నాను. వాడు తెర వైపు చూసి, "నాన్నా, ఆ షిప్‌లో ఎవరున్నారు?" అని అడిగాడు.

"ఎవరూ లేర్రా, ఇది గేమ్" అన్నాను. వాడు పడుకున్నాడు. నాకు మాత్రం ఆ ప్రశ్న ముల్లులా గుచ్చుకుని ఉండిపోయింది. లాగ్ పుస్తకం తెరిస్తే ఎన్ని టన్నుల ఓడ మునిగిందో ఉంది. ఎవరున్నారో లేదు.

మేముండేది శాన్ ఫ్రాన్సిస్కో దగ్గర. ఎండాకాలంలో కూడా పొగమంచు గోల్డెన్ గేట్ కిందనుంచి పాకుతూ వచ్చి ఊరిని మింగేస్తుందని ఇక్కడివాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ఆ ఊళ్ళో ఫిషర్‌మన్స్ వార్ఫ్ దగ్గర, పియర్ 45లో, పాంపనీటో అనే నిజం సబ్‌మెరీన్ కట్టేసి ఉంటుంది. 1943లో నౌకాదళంలో చేరి, ఆరుసార్లు పసిఫిక్‌లో వేటకి వెళ్ళి, 1982 నుంచి మ్యూజియంగా ఉంది. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు మనమంతా అక్కడికి తీసుకెళ్ళి, పీతలు తినిపించి, వంతెన దగ్గర ఫోటో తీసి తీసుకొస్తాం. సబ్‌మెరీన్‌లోకి దిగేవాళ్ళు తక్కువ. ఆ ప్రశ్న అడిగిన నెలలోనే మావాణ్ణి తీసుకుని నేను దిగాను.

లోపల ఎనభైమంది మగవాళ్ళు నెలల తరబడి ఎలా బతికారో ఊహించడం కష్టం. టార్పెడోల పక్కనే మంచాలు. నిలువుగా నడవడానికే తప్ప పక్కకి తిరగడానికి చోటుండదు. పెరిస్కోప్, రాడార్ ఉండే కన్నింగ్ టవర్‌లోకి మమ్మల్ని వెళ్ళనివ్వలేదు. కంట్రోల్ రూమ్‌లో నుంచుని తల పైకెత్తి నిచ్చెన వైపు చూశాం. ఆ పైనే ఉంటుంది, నాలాంటివాడు దణ్ణం పెట్టవలసిన యంత్రం. టార్పెడో డేటా కంప్యూటర్ అంటారు. న్యూయార్క్ బ్రూక్లిన్‌లోని ఆర్మా కార్పొరేషన్ తయారుచేసింది. చిప్పులు లేవు, సాఫ్ట్‌వేర్ లేదు. పళ్ళచక్రాలు, కామ్‌లు, మోటార్లు. శత్రు ఓడ దిక్కు, దూరం, దారి, వేగం పిడులు తిప్పి ఎక్కిస్తే, ఆ ఓడ నిమిషనిమిషానికీ ఎక్కడుంటుందో తనే లెక్కకట్టి, టార్పెడో ఎంత వంకర తిరగాలో తనే చెబుతుంది. పాంపనీటోలో ఉన్నదాన్ని మళ్ళీ పనిచేసేలా బాగుచేశారు కూడా. ఇక రాడార్ సంగతి. బ్రిటిష్ వాళ్ళు 1940లో కావిటీ మేగ్నెట్రాన్ అనే చిన్న పరికరాన్ని అమెరికాకి తెచ్చి చూపించారు. సబ్‌మెరీన్‌లో పట్టేంత చిన్న రాడార్ దానివల్లే సాధ్యమైంది. ఈ రెండూ కలిశాక రాత్రయినా, పొగమంచయినా సబ్‌మెరీన్‌కి ఒకటే.

ఇంటికొచ్చాక ఆ యంత్రం పిడుల గురించి చదువుతుంటే తోచింది. దిక్కుకి పిడి ఉంది, దూరానికి ఉంది, వేగానికి ఉంది. మావాడి ప్రశ్నకి పిడి లేదు.

సరే, అసలు కథకి వస్తాను. ముందు పాంపనీటో కథే. 1944 సెప్టెంబరు 6న సింగపూర్ నుంచి ఒక జపాన్ కాన్వాయ్ బయల్దేరింది. అందులో రకుయో మారు, కచిడోకి మారు అనే రెండు ఓడల్లో బ్రిటిష్, ఆస్ట్రేలియన్ యుద్ధఖైదీలున్నారు. మొదటిదాంట్లో 1,300 మందికి పైగా, రెండోదాంట్లో 900 మంది. బర్మా-సయాం రైలుమార్గం కట్టి, చావగా మిగిలినవాళ్ళు వీళ్ళు. మలయా రబ్బరు తోటల నుంచి ఆ రైలుమార్గానికి పట్టుకుపోయిన కూలీల్లో తమిళులూ, మన తెలుగువాళ్ళూ కూడా ఉన్నారు. వాళ్ళ పేర్లు రాసుకున్నవాళ్ళు లేరు. సెప్టెంబరు 12న రకుయో మారుని సీలయన్ అనే అమెరికన్ సబ్‌మెరీన్, అదే రాత్రి కచిడోకి మారుని పాంపనీటో ముంచాయి. లోపల తమ పక్షంవాళ్ళే ఉన్నారని రెండిటికీ తెలియదు. ఓడల మీద ఆ గుర్తేమీ లేదు.

మూడు రోజుల తర్వాత పాంపనీటో అటుగా వస్తుంటే చెక్కల్ని పట్టుకుని, ఒళ్ళంతా నూనె పూసుకుపోయిన మనుషులు కనిపించారు. జపాన్ వాళ్ళనుకుని దగ్గరికెళితే ఇంగ్లీషులో అరిచారు. అప్పుడు తెలిసింది. ఆ సాయంత్రం పాంపనీటో 73 మందిని పైకి లాగింది. సీలయన్ 54 మందిని. ఇంకా జనం నీళ్ళలో ఉన్నారని కబురు పెడితే మరో రెండు సబ్‌మెరీన్లు పరుగెత్తుకొచ్చాయి. తుఫాను ముంచుకొచ్చేలోగా బార్బ్ 14 మందిని, క్వీన్‌ఫిష్ 18 మందిని తీశాయి.

ఆ క్వీన్‌ఫిష్ కెప్టెన్ పేరు ఛార్లెస్ ఎలియట్ లాఫ్లిన్. ఈ పేరు గుర్తుంచుకోండి.

ఇప్పుడు అవా మారు దగ్గరికొద్దాం. జపాన్ చేతిలో ఉన్న ఖైదీలు తిండి లేక, మందుల్లేక చస్తున్నారని అమెరికాకి తెలుసు. రెడ్ క్రాస్ పొట్లాలు పంపించాలి. ఎన్నో నెలల బేరసారాల తర్వాత జపాన్ ఒప్పుకుంది. సుమారు రెండువేల టన్నుల సామాను అవా మారు అనే కొత్త ఓడలో ఆగ్నేయాసియాకి తీసుకెళుతుంది. వెళ్ళేటప్పుడూ, వచ్చేటప్పుడూ ఆ ఓడ జోలికి పోమని అమెరికా మాటిచ్చింది. ఓడకి రెండువైపులా పెద్ద తెల్లని శిలువలు వేశారు. రాత్రి వాటి మీద దీపాలు వెలగాలి. ఏ రోజు ఎక్కడుంటుందో జపాన్ ముందే చెప్పింది.

1945 ఫిబ్రవరి 17న మోజీ రేవు నుంచి అది బయల్దేరింది. సహాయంతో పాటు యుద్ధసామగ్రి కూడా ఎక్కించారు. ఆ సంగతి అమెరికన్ గూఢచారులకి తెలుసు. అయినా మాట మాటే కనక ఎవరూ ముట్టుకోలేదు. పొట్లాలు దింపేసి, మార్చి 28న సింగపూర్ నుంచి తిరుగుప్రయాణం కట్టింది. ఈసారి రబ్బరు, తగరం, వాటితో పాటు జనం. దక్షిణాన ఇరుక్కుపోయిన నావికులు, ఉద్యోగులు, కుటుంబాలు. సముద్రంలో ఏ ఓడా క్షేమంగా ఇంటికి చేరని రోజుల్లో, ఎవరూ ముంచరని హామీ ఉన్న ఓడ ఇదొక్కటే. అందులో చోటు దొరకడం ఎంత అదృష్టమని అనుకుని ఉంటారో ఊహించుకోండి.

ఏప్రిల్ 1 రాత్రి పదింటికి తైవాన్ జలసంధిలో క్వీన్‌ఫిష్ రాడార్ మీద ఒక చుక్క పడింది. దూరం 17,000 గజాలు. దట్టమైన పొగమంచు, రెండొందల గజాలకి మించి కనపడటం లేదు. లాఫ్లిన్ మనుషులు చుక్కలు పెట్టారు. వేగం 16, 17 నాట్లు. వంకరటింకర్లు లేకుండా తిన్నగా వస్తోంది. రాడార్ మీద చుక్క చిన్నది. అంత చిన్న చుక్క, అంత వేగం అంటే డిస్ట్రాయరే అయి ఉండాలని అనుకున్నారు. నిజానికి అది పదకొండువేల టన్నుల ఓడ. నిండా బరువుతో నీళ్ళలోకి దిగి ఉండటంతో రాడార్‌కి చిన్నదిగా కనిపించింది. తిన్నగా రావడానికి కారణం ధైర్యం కాదు, నమ్మకం. ముంచం అని మాటిచ్చారు కదా.

దీపాలు వెలుగుతున్నా, శిలువలు మెరుస్తున్నా ఆ మంచులో ఎవరికి కనపడతాయి? పదకొండింటికి, దూరం 1,200 గజాలుండగా, క్వీన్‌ఫిష్ నాలుగు టార్పెడోలు వదిలింది. నాలుగూ తగిలాయి. నిమిషాల్లో ఓడ మునిగిపోయింది.

ఆటలో నేను చంకలు గుద్దుకునే క్షణం అదే. చూడకుండా, ఒట్టి లెక్కతో, నాలుగుకి నాలుగు. పనితనానికి వంక పెట్టలేం.

క్వీన్‌ఫిష్ అక్కడికి వెళ్ళి చూసింది. నీళ్ళలో కొందరు కనిపించినా పైకి తీయగలిగింది ఒక్కణ్ణే. షిమోదా అనే స్టీవర్డ్. కాస్త తేరుకున్నాక అతను చెప్పిన ఓడ పేరు విని లాఫ్లిన్‌కి ఏమనిపించి ఉంటుందో నేను చెప్పలేను. ఓడలో పోయినవాళ్ళు రెండువేల పైచిలుకు. టైటానిక్‌లో పోయినవాళ్ళకన్నా ఎక్కువ. ఏడు నెలల క్రితం ఇదే మనిషి, ఇదే సబ్‌మెరీన్‌తో, అలల్లోంచి 18 మందిని ఏరుకొచ్చాడు.

లాఫ్లిన్ ఏదీ దాచలేదు. వెంటనే రేడియోలో చెప్పాడు. పదవి తీసేసి గువామ్ రమ్మన్నారు, కోర్ట్ మార్షల్ పెట్టారు. ఆ విచారణలో బయటపడిన సంగతులే, శ్రోతలారా, నాలాంటి కంప్యూటర్ మనిషికి నిద్ర పట్టకుండా చేసేవి.

అవా మారు సంగతి సబ్‌మెరీన్లకి తెలియజేశారా? తెలియజేశారు. ఓడ దారి, వేళలు అన్నీ వివరంగా, ఒకసారి కాదు, పలుమార్లు రేడియోలో పంపారు. మామూలు ఇంగ్లీషులో, కోడ్ లేకుండా. క్వీన్‌ఫిష్ రేడియోలో ఆ మెసేజ్ పడింది కూడా. కానీ అది కెప్టెన్ చేతికి చేరలేదు. ఆ తర్వాత, తిరుగుప్రయాణం ముందు, కోడ్‌లో ఇంకొక మెసేజ్ పంపారు. అది కెప్టెన్ చదివాడు. ఖైదీల సామాన్లు మోసే అవా మారు ఫలానా తేదీల మధ్య మీ ప్రాంతాల్లోంచి వెళుతుంది, శిలువలుంటాయి, రాత్రి దీపాలుంటాయి, వదిలేయండి అని దాని సారాంశం. ఏ దారిన, ఏ వేళకి అన్నది లేదు. అది పసిఫిక్‌లో ఉన్న సబ్‌మెరీన్లన్నిటికీ కలిపి పంపింది. "మీ ప్రాంతాలు" అంటే ఎవరి ప్రాంతం? గుర్తులేమో కళ్ళకి కనిపించేవి. పొగమంచు పడితే ఏం చేయాలో ఎవరూ రాయలేదు.

కోర్టు మూడు నేరాల మీద విచారించింది. పనిలో అసమర్థత, ఆజ్ఞాధిక్కారం, ఆజ్ఞని పాటించడంలో నిర్లక్ష్యం. మొదటి రెండూ కొట్టేసి మూడోదానికి దోషి అంది. శిక్ష ఒక మందలింపు ఉత్తరం. అడ్మిరల్ నిమిట్జ్‌కి ఒళ్ళు మండి, ఇంత చిన్న శిక్షా అని, తీర్పు చెప్పిన సభ్యులకే అంతకన్నా గట్టి మందలింపులు పంపించాడు. లాఫ్లిన్‌కి యుద్ధంలో మళ్ళీ సబ్‌మెరీన్ దక్కలేదు. నౌకాదళంలో మాత్రం కొనసాగి రియర్ అడ్మిరల్ అయి 1968లో రిటైరయ్యాడు. ఆ ఓడని ముంచిన బాధ్యత తమదేనని అమెరికా 1945లోనే ఒప్పుకుంది. 1949లో, తాను ఇంకా అమెరికన్ల ఏలుబడిలో ఉండగానే, జపాన్ ఆ నష్టపరిహారం అడగడం మానుకుంది. ఆ తర్వాత ఓడలో బంగారం ఉందని పుకార్లు పుట్టాయి. 1970ల చివర్లో చైనా వాళ్ళు ఏళ్ళపాటు వెతికారు. బంగారం దొరకలేదు. ఎముకలు దొరికితే జపాన్‌కి పంపించారు.

తప్పు ఎవరిది? నేను జడ్జిని కాను. కాకపోతే, నా సంగతి ఒకటి చెబుతాను.

కొన్నేళ్ళ క్రితం ఒక క్లయింటు దగ్గర పనిచేస్తున్నాను, పేరు అనవసరం. ఒక శుక్రవారం సాయంత్రం అరవైమందికి కలిపి ఒక మెయిల్ వచ్చింది. ఈ వారాంతం జీతాల ఫైళ్ళు ఎవరూ కదపొద్దు అని. ఏ ఫైళ్ళో లేదు, ఎప్పటినుంచి ఎప్పటిదాకానో లేదు. నేను చూశాను. నాకు సంబంధించింది కాదనుకుని మూసేశాను. శనివారం రాత్రి నా ప్రోగ్రాం నేను నడిపాను. ఒక్క ఎర్రర్ లేకుండా నడిచింది, ముచ్చటేసింది. సోమవారం తెలిసింది, గిడ్డంగిలో పనిచేసే రెండొందలమందికి జీతాలు పడలేదని. వారం రోజులు పట్టింది సరిచేయడానికి. అందులో ఒకావిడ ఇంటి అద్దె కట్టలేక ఆఫీసు దాకా వచ్చింది. అప్పటిదాకా నాకు ఆవిడ ఒక నంబరు.

మీటింగులో నేనన్న మాట ఇప్పటికీ గుర్తుంది. "మెయిల్‌లో ఏ ఫైలో రాయలేదు కదండీ." నిజమే, రాయలేదు. మా పెద్దాయన ఒక్క మాటన్నాడు. "రాయలేదు సరే, మీరు అడగలేదేం?" అడగడానికి ఒక్క నిమిషం చాలు. జీతాలు ఆలస్యమైతే మళ్ళీ వేయొచ్చు, మనిషి పోతే మళ్ళీ రాడు. రెండూ ఒకటేనని నేననడం లేదు. లాఫ్లిన్‌కి నాకున్న వెసులుబాటు కూడా లేదు. సబ్‌మెరీన్ రేడియో తెరిచి "ఇది ఎవరు?" అని అడిగితే శత్రువు వినేస్తాడు. అది నిజంగా డిస్ట్రాయరయితే తన ఎనభైమందీ పోతారు. అయినా ఆ రెండు మెసేజ్‌ల కథ చదివినప్పుడల్లా నాకు ఆ శుక్రవారం మెయిల్ గుర్తొస్తుంది. అందరికీ పంపిన కబురు ఎవరికీ పంపనట్టే. పంపినవాడు పంపానని నిద్రపోతాడు, అందుకున్నవాడు నాక్కాదులే అని నిద్రపోతాడు. మధ్యలో ఓడ వస్తూ ఉంటుంది.

ఇక ఆఖరి సంగతి. మన ఊరి సంగతి.

పాంపనీటో, క్వీన్‌ఫిష్ రెండూ ఒకే చోట పుట్టాయి, దేశం ఆ చివర మెయిన్ రాష్ట్రంలోని పోర్ట్స్‌మత్ నౌకానిర్మాణ కేంద్రంలో. అదే కేంద్రంలో, దాదాపు అదే నమూనా మీద కట్టిన ఇంకో సబ్‌మెరీన్ పేరు డియాబ్లో. అది నౌకాదళంలో చేరింది 1945 మార్చి 31న. అవా మారు మునగడానికి సరిగ్గా ఒకరోజు ముందు. దాన్ని 1964లో అమెరికా పాకిస్తాన్‌కి అద్దెకిచ్చింది. అక్కడ దానికి పెట్టిన పేరు మీకందరికీ తెలుసు. ఘాజీ.

1971 డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక, విశాఖపట్నం రేవు బయట ఘాజీ మునిగిపోయింది. విక్రాంత్ కోసం వచ్చింది. విక్రాంత్ అప్పటికే అండమాన్ వైపు వెళ్ళిపోయింది. ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీలతో మునిగిందని మనవాళ్ళంటారు. తన మందుపాతరలే తనలో పేలాయని పాకిస్తాన్ అంటుంది. లోపలున్న తొంభైమందికి పైగా మనుషుల్లో చెప్పడానికి ఒక్కడూ మిగల్లేదు. ఊరి బీచ్ రోడ్డు మీద 1996లో ఆ యుద్ధానికి స్మారకం కట్టారు. దాని దగ్గరలోనే 2002 నుంచి కురుసుర సబ్‌మెరీన్ మ్యూజియంగా ఉంది. నా చిన్నప్పుడు మా నాన్న అందులోకి తీసుకెళ్ళినప్పుడే నాకు ఈ పిచ్చి పట్టిందని మా ఇంట్లో చెప్పుకుంటారు.

మా మామ్మ అప్పట్లో పాత పోస్టాఫీసు దగ్గర ఉండేది. తాతయ్య పోర్టులో గుమాస్తా. యుద్ధమని కిటికీ అద్దాలకి కాగితాలు అంటించి, లాంతరు వత్తి తగ్గించి పడుకున్నారట. అర్ధరాత్రి దాటాక పెద్ద చప్పుడు, తలుపులు దడదడలాడాయి. ఉరుమేమో అనుకుందట. తర్వాత జాలర్లు సముద్రంలో తేలుతున్న ముక్కలు తెచ్చారు. ఊరంతా పండగ. మన రేవు మీదికి వచ్చినవాడు మునిగాడు, పండగ చేసుకోవద్దని ఎవరంటారు? మా తాతయ్య కూడా స్వీట్లు తెచ్చాడట.

ఈ కథ నాకు చిన్నప్పుడు వందసార్లు చెప్పింది మామ్మ. స్వీట్ల దాకా చెప్పి ఎప్పుడూ ఒక మాట కలిపేది. "ఏ తల్లి కన్న పిల్లలో బాబూ. వాళ్ళమ్మలకి ఎవరు కబురు చెప్పుంటారో." నేను అప్పుడు చిరాకుపడేవాణ్ణి. "శత్రువులు మామ్మా" అనేవాణ్ణి. "శత్రువులేరా, నేను కాదన్నానా" అనేది ఆవిడ. మామ్మ పోయి పదేళ్ళయింది. పొగమంచులో నా ఒళ్ళో కూర్చుని మావాడు అడిగింది ఆవిడ ప్రశ్నేనని చాలా ఆలస్యంగా తట్టింది.

నేను ఆట మానేశానా? లేదు. అబద్ధం ఎందుకు చెప్పాలి. ఇప్పుడు మావాడికి తొమ్మిదేళ్ళు, పక్కన కూర్చుని మూడు నిమిషాలు గడియారం చూసి చెప్పేది వాడే. కాకపోతే మా ఇంట్లో ఒక నియమం పెట్టుకున్నాం. కంటికి కనిపించి, ఏ ఓడో తెలిసేదాకా టార్పెడో వదలకూడదు. పొగమంచు పడితే దగ్గరికి వెళ్ళి చూడాలి, లేదా వదిలేయాలి. దీనివల్ల మా స్కోరు ఘోరంగా ఉంది. రెండుసార్లు డిస్ట్రాయర్ మమ్మల్నే ముంచేసింది. ఈ నియమం నిజం యుద్ధంలో పనికిరాదని నాకు తెలుసు. మాకు వెనక అడ్మిరల్ లేడు, కింద ఎనభైమంది ప్రాణాలు లేవు. లాఫ్లిన్‌కి రెండూ ఉన్నాయి.

పోయిన వారం ఒక చుక్క పడింది. పదిహేడు నాట్లు, తిన్నగా వస్తోంది. దగ్గరికి వెళ్ళేలోపే మంచులో కలిసి వెళ్ళిపోయింది. ఏ ఓడో తెలియలేదు. మావాడు పెన్సిల్ కింద పెట్టి, "పోనీలే నాన్నా, ఇంటికెళ్ళనీ" అన్నాడు.